నీళ్ల మీద నింద: జుట్టు, చర్మం సమస్యలకు కారణాలు ఎక్కడ వెతకాలి?

ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో ఇంటర్ చదువు కోసం హనుమకొండ హాస్టల్లో చేరిన పిల్ల దసరా సెలవులకు ఇంటికి వస్తే తల్లి చూపు ముందు జడ మీదికి పోతుంది. జడ సన్నబడిందని చేతికి తెలియగానే వచ్చే మాట ఒకటే: "ఆ నీళ్లు నీకు పడ్తలేవు బిడ్డా." ముఖాన మొటిమలు లేచినా, తలలో చుండ్రు పట్టినా, పెయ్యంతా తీట పెట్టినా, ఇరవై ఏళ్లకే నాలుగు తెల్లవెంట్రుకలు కనబడినా వరంగల్‌లో మొదటి నింద నీళ్లదే. ఆ తర్వాత నూనె, షాంపూ, ఎండ. ఏదీ కుదరకపోతే "వేడి చేసింది".

ఈ నిందల్లో దేనికి ఎంత సాక్ష్యం ఉందో ఒక్కొక్కటిగా చూడడమే ఈ వ్యాసం పని. సారాంశం ముందే చెప్పుకోవచ్చు. మనం ఎక్కువగా నిందించే నీళ్ల మీద దొరికే సాక్ష్యం చాలా బలహీనం. బలమైన సాక్ష్యం మూడు చోట్ల దొరుకుతుంది: ఒంటి లోపల జరిగినవి, పక్కవాళ్ల నుంచి అంటుకున్నవి, మందుల షాపు నుంచి మనమే తెచ్చి పూసుకున్నవి.

నీళ్లు చేసేదెంత?

ఓరుగల్లు చుట్టూ ఉన్నది గ్రానైటు, నైస్ రాళ్ల నేల. రాతి పగుళ్లలో నిలిచిన నీటిని బోరు వేసి తోడుకుంటున్నాం కాబట్టి కాల్షియం, మెగ్నీషియం లవణాలు వెంట వస్తాయి. బకెట్ అంచుకు తెల్లటి పొర కట్టడం, సబ్బు నురగ రాకపోవడం ఆ కాఠిన్యానికి గుర్తులు. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతి ఉంది. నగరానికి ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల మీదుగా వచ్చే నల్లా నీళ్లు వేరు, అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు వేరు. ఎండాకాలం వచ్చేసరికి రెండూ ఒకే ట్యాంకులో కలుస్తాయి.

కఠినజలంలో సబ్బు కరగదు, జిగట పొరగా మారి వెంట్రుక మీద పేరుకుంటుంది. జుట్టు గరుకుగా, చిక్కులు పడుతూ, దువ్వెనకు తెగుతూ ఉంటుంది. చర్మం పొడిబారుతుంది. ఇంతవరకు నింద నిజమే. అయితే వెంట్రుక బలం మీద జరిగిన పరీక్షలు ఒకదానికొకటి పొసగడం లేదు. కొన్నిటిలో కఠినజలంతో బలం తగ్గింది, కొన్నిటిలో తేడా ఏమీ కనబడలేదు. చర్మం విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. కఠినజలం వాడే ప్రాంతాల పిల్లల్లో ఎగ్జిమా కాస్త ఎక్కువని యూరప్ సర్వేలు చెప్పాయి. దాన్ని సూటిగా తేల్చుకుందామని బ్రిటన్‌లో 336 మంది ఎగ్జిమా పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టు ఇళ్లలో నీటిని మెత్తబరిచే యంత్రాలు పెట్టారు. 2011లో వచ్చిన ఫలితం ప్రకారం యంత్రం వల్ల అదనపు మేలు ఏమీ లేదు.

ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష ఒకటుంది. రాలిన వెంట్రుకను వెలుతురులో పట్టి చూడండి. ఒక కొనన చిన్న తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. బుడిపె లేకపోతే మధ్యలో తెగింది. నీళ్లు, రంగులు, వేడి ఇస్త్రీలు వెంట్రుకను తెంపగలవు. చర్మం కింద మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున ఉండే కుదురు మీద స్నానపు నీళ్ల ప్రభావానికి నమ్మదగిన రుజువు లేదు. తెగే జుట్టుకు సబ్బు మాని షాంపూ వాడడం, చివర ఒక చెంబు మంచినీళ్లతో జాలించడం చాలు. షవర్‌కు తగిలించే చిన్న ఫిల్టర్లలో చాలావరకు క్లోరిన్‌ను పట్టేవే. కాల్షియం తీయాలంటే ఉప్పుతో శుద్ధి అయ్యే పెద్ద యంత్రం కావాలి.

మూడు నెలల కిందటి లెక్క

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో కుదురు రెండు నుంచి ఆరేళ్లు వెంట్రుకను పెంచి, రెండు మూడు వారాల్లో పని ముగించి, మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. ఆ విశ్రాంతి చివరలోనే పాత వెంట్రుక రాలుతుంది. అందుకే రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం ఆరోగ్యవంతులకూ మామూలే.

ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఎదుగుతున్న కుదుళ్లు ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోతాయి. అది ఆ రోజు ఎవరికీ తెలియదు. రెండు మూడు నెలల తర్వాత అవన్నీ కలిసి రాలడం మొదలుపెట్టాకే తెలుస్తుంది. వైద్యులు దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. వానాకాలపు డెంగీ, టైఫాయిడ్, చికున్‌గున్యా, కాన్పు, ఆపరేషన్, తిండి మానేసి గబగబా బరువు తగ్గడం దీనికి పేరున్న కారణాలు. కోవిడ్ తర్వాత ఇంటింటా చూసింది కూడా ఇదే. ఆగస్టులో డెంగీ వచ్చినవాళ్లకు జుట్టు నవంబరులో ఊడుతుంది. అప్పటికి జ్వరం సంగతి మరిచిపోయి ఉంటారు, నిన్నగాక మొన్న మార్చిన షాంపూ మాత్రం గుర్తుంటుంది.

హాస్టల్ పిల్ల జడను ఈ లెక్కతో చూస్తే విషయం కొంత విడివడుతుంది. జూన్‌లో ఊరు మారినప్పుడు మారింది నీళ్లొక్కటే కాదు. ఇంటి పప్పు, గుడ్డు తగ్గాయి, నిద్ర తగ్గింది, పరీక్షల దిగులు పెరిగింది, మధ్యలో ఒక జ్వరం కూడా వచ్చి ఉండొచ్చు. వీటన్నిటి ఫలితం సెప్టెంబరు, అక్టోబరుల్లో దువ్వెనకు చిక్కుతుంది. కారణం పోతే ఈ రాలుడు ఆరు నెలల్లోపు దానంతటదే ఆగి జుట్టు తిరిగి వస్తుంది. ఆ ఆరు నెలల్లో ఏ నూనె వాడుతుంటే ఆ నూనెకు పేరొస్తుంది.

ఆరు నెలలు దాటినా ఆగకపోతే రక్తం వైపు చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ఇనుము తక్కువైనప్పుడు శరీరం ముందు గుండె, మెదడు అవసరాలు చూస్తుంది, జుట్టు వంతు చివరన వస్తుంది. హిమోగ్లోబిన్ బాగానే కనబడుతున్నా నిల్వ ఇనుమును చూపే ఫెర్రిటిన్ తగ్గి ఉండొచ్చు. నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, కడుపులో నులిపురుగులు, అన్నం తినగానే చాయ్ తాగే అలవాటు, అన్నం ఎక్కువ పప్పు తక్కువ అయిన కంచం ఇక్కడి కారణాలు. కార్జం, గుడ్లు, పప్పులు, ఆకుకూరలు, వాటి మీద పిండిన నిమ్మకాయ ఖరీదైన జుట్టు మాత్రల కంటే ముందు ఆలోచించాల్సినవి. థైరాయిడ్ గ్రంథి పనిలో తేడా వచ్చినా జుట్టు పలచబడుతుంది, చర్మం పొడిబారుతుంది. దానికి టీఎస్‌హెచ్ పరీక్ష ఉంది. బయోటిన్ మాత్రలు విరివిగా అమ్ముతున్నారు గానీ ఆ విటమిన్ లోపం అరుదు. పైగా అది థైరాయిడ్, గుండె పరీక్షల ఫలితాలను తారుమారు చేయగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది.

వంశం, హార్మోన్లు, మనమీదికే తిరిగిన రక్షణ

మగవాళ్ల బట్టతలకు హెల్మెట్‌ను, జెల్‌ను, ఆలోచనలను తిట్టుకుంటారు. యవ్వనానికి ముందే వృషణాలు పోయినవాళ్లకు బట్టతల రాదని, టెస్టోస్టిరాన్ ఇస్తే మాత్రం వంశంలో ఆ లక్షణం ఉన్నవాళ్లకు వస్తుందని అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్ 1942లోనే చూపించాడు. టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్‌కు నుదుటి పైన, నడినెత్తిన ఉన్న కుదుళ్లు చిక్కి చిన్నవవుతాయి. వెనక, పక్కల ఉన్నవి దాన్ని తట్టుకుంటాయి. మేనమామ తల చూస్తే అల్లుడి తల తెలుస్తుందనడంలో కొంత నిజముంది, ముఖ్యమైన ఒక జన్యువు తల్లి నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. కానీ మిగతా జన్యువులు తండ్రి వైపు నుంచీ వస్తాయి. రక్తపోటు మాత్రగా వచ్చిన మినాక్సిడిల్ వాడినవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం గమనించి దాన్ని తలకు పూసే మందుగా మార్చారు. డీహెచ్‌టీ తయారీని తగ్గించే ఫినాస్టిరైడ్‌కు జుట్టు మందుగా 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండూ వాడినంతకాలమే పనిచేస్తాయి. ఆడవాళ్లలో పాపిట వెడల్పవడం, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, నెలసరి తప్పడం కలిసి కనబడితే అండాశయాల హార్మోన్ సమస్య అయిన పీసీఓఎస్‌ను అనుమానించాలి.

రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టు ఊడితే పేను కొరికిందని గురివింద గింజ అరగదీసి రుద్దుతారు. అది పేను పని కాదు. రక్షణ కణాలు సొంత కుదుళ్ల మీదనే దాడి చేయడం వల్ల వచ్చే అలోపీషియా ఏరియేటా. చిన్న మచ్చలు చాలామందిలో ఏడాదిలోపు వాటంతటవే పూడుకుంటాయి కాబట్టి గురివిందకు పేరొచ్చింది. ఆ గింజలోని అబ్రిన్ ప్రాణాంతకమైన విషం. పిల్లలున్న ఇంట్లో దాన్ని నూరకపోవడం మేలు. పిల్లల తలలో మచ్చ నున్నగా కాకుండా పొట్టు రాలుతూ, విరిగిన వెంట్రుకలతో ఉంటే అది తామర. పూత మందుతో పోదు, నోటి మాత్రలు కావాలి.

మనవాళ్లలో 25 ఏళ్లకు ముందే తల నెరిస్తే దాన్ని బాలనెరుపుగా లెక్కిస్తారు. వంశం ప్రధాన కారణం. బీ12 లోపం, థైరాయిడ్, పొగతాగడం తోడవుతాయి. ముఖ్యంగా శాకాహారులు బీ12 పరీక్ష చేయించుకోవచ్చు.

తలకు మనం చేసేవి

చుండ్రు మురికి వల్ల రాదు. అందరి చర్మం మీదా బతికే మలసీజియా అనే ఫంగస్ తలలో ఊరే జిడ్డును తిని వదిలే ఆమ్లాలకు కొందరి చర్మం మండిపడి పొట్టు రాలుస్తుంది. ఆ ఫంగస్‌కు జిడ్డే ఆహారం కనుక చుండ్రు ఉన్న తలకు రాత్రంతా నూనె పెట్టి ఉంచడం దానికి మేత వేయడమే. కీటోకొనజోల్ లేదా జింక్ పైరిథియోన్ ఉన్న షాంపూను అయిదు నిమిషాలు తల మీద ఉంచి కడగడం పనిచేస్తుంది. పూర్తిగా పోయే సమస్య కాదు, అదుపులో ఉంచుకునేది.

నూనెను మొత్తంగా కొట్టేయడమూ తప్పే. కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి, కడిగినప్పుడు పోయే ప్రొటీన్‌ను తగ్గిస్తుందని, పొద్దుతిరుగుడు నూనెకు, మినరల్ ఆయిల్‌కు ఆ గుణం లేదని 2003లో వచ్చిన భారతీయ పరిశోధన తేల్చింది. నూనె మేలు వెంట్రుక పొడవుకే, కుదురుకు కాదు. నుదుటి మీదికి కారిన నూనె అక్కడ సన్నటి మొటిమలు లేపుతుంది. కుంకుడుకాయ, శీకాయలోని సపోనిన్లు జిడ్డును తీసే సహజమైన సబ్బులే. చన్నీళ్లలోనూ నురగ వస్తుంది, కంట్లో పడితే మాత్రం మంట.

ఐనవోలులోనో కొమురవెల్లిలోనో వేములవాడలోనో పుట్టువెంట్రుకలు తీయిస్తే ఒత్తుగా వస్తాయన్నది నమ్మకం. మొక్కు మొక్కే, దాని సంగతి వేరు. కత్తి చర్మం పైన కోస్తుంది, కుదురును తాకదు. కొత్త వెంట్రుక కొన మొద్దుగా ఉండడం వల్ల ఒత్తుగా అనిపిస్తుంది. బడికి పోయే ఆడపిల్లలకు రోజూ బిగించి వేసే రెండు జడలు మాత్రం నిజంగా హాని చేస్తాయి. ఏళ్ల తరబడి లాగితే నుదుటి అంచున, చెవుల పక్కన కుదుళ్లు చచ్చి జుట్టు శాశ్వతంగా పోవచ్చు. హెల్మెట్ బట్టతల తేదు. చెమట పట్టిన లోపలి గుడ్డను ఉతక్కపోతే కురుపులు, చుండ్రు పెరుగుతాయి.

నల్లరంగు డైలలోని పీపీడీ అనే రసాయనం పడనివాళ్లకు తల, కనురెప్పలు వాచి నీరు కారుతుంది. ఏళ్లుగా వాడుతున్నా ఉన్నట్టుండి ఒకరోజు పడకపోవచ్చు. ప్యాకెట్ మీద మూలిక బొమ్మ ఉన్నా, త్వరగా నల్లబరిచే "బ్లాక్ మెహందీ"లో చాలాసార్లు ఉండేది ఇదే. చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు చూడడం మంచిది.

తీట ఒక్కరిది కాదు

చర్మం దగ్గరికి వస్తే వరంగల్‌లో పరీక్షగా చూడాల్సినవి రెండు: గజ్జి, తామర. రెండూ మనిషి నుంచి మనిషికి వచ్చేవే.

గజ్జికి కారణం చర్మంలో బొరియ తవ్వి గుడ్లు పెట్టే, అర మిల్లీమీటరు కూడా లేని పురుగు. మొదటిసారి అంటుకున్నప్పుడు తీట మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపలే అది పక్కవాళ్లకు పాకుతుంది. హాస్టల్లో ఒక గదిలో ఎనిమిది మంది చాపలు కలిపి పడుకుంటే ఒక్కరికే మందు ఇవ్వడం వృథా. వేళ్ల సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ, మగపిల్లల మర్మాంగం మీద కురుపులు, రాత్రిపూట ఎక్కువయ్యే తీట, ఇంట్లో ఇంకొకరికీ అదే బాధ ఉంటే గజ్జి అనుకోవచ్చు. పర్మెత్రిన్ 5 శాతం మందును మెడ నుంచి అరికాళ్ల దాకా, తీట లేని చోట కూడా, అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. వారం తర్వాత మళ్లీ రాయాలి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు తీట ఉంటుంది, దాన్ని చూసి మందు పనిచేయలేదని మార్చకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల జబ్బుల జాబితాలో చేర్చింది.

తామర కథ ఇంకా చిక్కైనది. పూర్వం నెల రోజుల పూతతో పోయే ఈ గుండ్రటి మచ్చలు గత పది పదిహేనేళ్లుగా దేశమంతటా మొండికేశాయి. గజ్జల నుంచి నడుము, పిరుదులు, ముఖం దాకా పాకుతున్నాయి. బిగుతు జీన్స్, ఆరని లెగ్గిన్స్, ఒకే తువ్వాలు ఇంటిల్లిపాదీ వాడడం, వానాకాలపు ఉక్క దీనికి సాయం చేస్తాయి. వాటితోపాటు ఫంగస్ జాతి కూడా మారింది. భారత్, నేపాల్ రోగుల నుంచి తీసిన నమూనాల ఆధారంగా జపాన్ శాస్త్రవేత్తలు 2020లో దీనికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఇన్నాళ్లూ మొదటి మందుగా వాడిన టెర్బినాఫిన్‌కు ఇది చాలాసార్లు లొంగడం లేదు. 2023లో న్యూయార్క్‌లోనూ కనబడింది.

ట్యూబు చేసిన చేటు

తామర ఇంత మొండికేయడంలో మందుల షాపు కౌంటర్ పాత్ర ఉందని చర్మవైద్యులు చాలామంది అంటారు. "అన్నా, తీటకు ట్యూబియ్యి" అంటే చేతికొచ్చే క్రీముల్లో చాలావాటిలో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, క్లోబెటసాల్ లాంటి ఘాటైన స్టిరాయిడ్ కలిసి ఉంటాయి. స్టిరాయిడ్ మంటను అణుస్తుంది గానీ ఫంగస్‌ను చంపదు. రెండు రోజుల్లో తీట ఆగుతుంది, ఎరుపు తగ్గుతుంది, ట్యూబు పక్కన పడుతుంది. చర్మం కాపలా తగ్గిన ఆ నాలుగు రోజుల్లో ఫంగస్ లోతుకు పోయి, వెడల్పై, ఆనవాలు పట్టలేని రూపంలో తిరిగి వస్తుంది. మళ్లీ అదే ట్యూబు. ఇలా ఆరు నెలలు తిరిగాక గజ్జల్లో, తొడల మీద పడే తెల్లటి చారలు జన్మలో పోవు.

ఇదే స్టిరాయిడ్ ముఖానికి తెల్లదనం కోసం చేరితే వచ్చే చేటు వేరు. మొదటి వారాల్లో ముఖం తేటపడుతుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి సన్న నరాలు తేలతాయి, మొటిమలు, పైపెదవి మీద వెంట్రుకలు మొదలవుతాయి. మానేస్తే మంట, కాబట్టి మళ్లీ రాస్తారు. చర్మవైద్యుల జాతీయ సంఘం ఐఏడీవీఎల్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడింది. 2018లో కేంద్రం 14 రకాల పూత స్టిరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి చీటీ లేకుండా అమ్మకూడదంది. నియమం కాగితం మీద గట్టిదే. కౌంటర్ దగ్గర చీటీ అడిగేవాళ్లు, చీటీ చూపించేవాళ్లు ఇద్దరూ తక్కువ.

స్టిరాయిడ్ చెడ్డ మందు కాదని కూడా చెప్పాలి. ఎగ్జిమా, సోరియాసిస్, అలోపీషియా ఏరియేటాలో వైద్యుడి లెక్క ప్రకారం వాడితే అదే రక్షిస్తుంది. జబ్బు పేరు తెలియకుండా రాయడంలోనే ప్రమాదం.

మార్కెట్, పొలం, రంగు తొట్టి

ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీల, పొలంలో కాయ ఏరే ఆడవాళ్ల చేతుల మంటకు కారణం మిర్చికి ఘాటునిచ్చే క్యాప్సైసిన్. నీళ్లలో కరగదు కనుక ఎంత కడిగినా తగ్గదు. ముందు వంటనూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడగాలి. నాట్ల కాలంలో రోజంతా బురదలో నిలబడితే కాలివేళ్ల సందులు పాసిపోయి, ఆ పగుళ్లలో ఫంగస్, బాక్టీరియా చేరతాయి. సాయంత్రం సందులు తుడిచి పొడిగా ఉంచడమే సగం వైద్యం. పురుగుమందు కలిపిన చేతులకు, రంగులద్దే చేతులకు, సిమెంటు కలిపే చేతులకు తొడుగులు లేకపోవడం చాలా చేతి ఎగ్జిమాలకు మూలం.

గట్ల మీద, ఖాళీ ప్లాట్లలో తెల్లపూలతో పెరిగే వయ్యారిభామను రైతులు పంటకు శత్రువుగానే చూస్తారు. 1950లలో పుణె దగ్గర మొదట గుర్తించిన ఈ కలుపులోని పార్థెనిన్ కొందరికి తీవ్రంగా పడదు. మొక్క ముట్టకున్నా గాలిలో ఎగిరే దాని పొడికి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దద్దుగట్టి నల్లబడతాయి. ఏటా ఒకే కాలంలో, బట్ట కప్పని చోటనే వస్తుంటే ఎండ మీద నింద వేసేముందు ఇంటి చుట్టూ చూడాలి.

ముఖం, మెడ, మచ్చ

మొటిమలకు మూలం హార్మోన్ల వల్ల పెరిగిన జిడ్డు, మూసుకున్న రంధ్రం, అందులో పెరిగే బాక్టీరియా. తీపి, మైదా ఎక్కువైన తిండి, జిమ్ కుర్రాళ్లు తాగే వే ప్రొటీన్ కొందరిలో వాటిని పెంచుతాయనడానికి ఓ మోస్తరు సాక్ష్యం ఉంది. మామిడిపండు వేడి మీద అంత సాక్ష్యం లేదు. బుగ్గల మీద మంగుకు ఎండ, గర్భం, వంశం కారణాలు. పొయ్యి వేడి కూడా తోడవుతుంది. ఫెయిర్‌నెస్ క్రీముల సంగతికొస్తే, ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) 2014లో పరీక్షించిన 32 క్రీముల్లో 14లో పాదరసం ఉంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి.

మెడ వెనక, చంకల్లో మఖమల్ గుడ్డలా మందమై నల్లబడితే తల్లులు పిల్లలను పీచుతో రుద్దుతారు. అది మురికి కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని ఒళ్లు ముందే ఇచ్చే హెచ్చరిక. చక్కెర పరీక్ష, బరువు తగ్గడం దానికి మందు. పదేపదే సెగగడ్డలు లేచినా చక్కెర చూడాలి.

తెల్లమచ్చల దగ్గర మూడింటిని విడదీయాలి. చెమట పట్టే ఛాతీ, వీపు మీద సన్నని పొట్టుతో వచ్చే శోభి ఫంగస్ పని, తేలిగ్గా పోతుంది. పాలలాంటి తెల్లమచ్చ బొల్లి కావచ్చు. అది రక్షణ వ్యవస్థ రంగు కణాలను చంపడం వల్ల వచ్చేది, అంటదు. చేపలు తిని పాలు తాగితే వస్తుందనడానికి ఆధారం లేదు. బొట్టు బిళ్ల పెట్టే చోటనే తెల్లబడితే ఆ జిగురులోని రసాయనం కారణం కావచ్చు. మూడోది, పాలిపోయిన లేదా రాగి రంగు మచ్చ మీద స్పర్శ లేకపోవడం. అది కుష్ఠు కావచ్చు. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రి తెరిచిన కాలంలో దీనికి చాల్‌మూగ్రా నూనె తప్ప మందు లేదు. ఇప్పుడు ఆరు నుంచి పన్నెండు నెలల మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. జాతీయ స్థాయిలో 2005లో నిర్మూలన లక్ష్యం చేరామని ప్రకటించినా కొత్త కేసులు ఆగలేదు. ఆలస్యమైతే వేళ్లు వంకరపోతాయి. కాబట్టి ఈ వ్యాసంలోని మచ్చలన్నిటిలో ఒక్కరోజు కూడా ఆగకుండా చూపించుకోవాల్సింది ఇదే.

సోరియాసిస్ కూడా అంటదు. దానికి ఇప్పటికీ వాడే మెతోట్రెక్సేట్ వెనక ఒక తెలుగువాడి నీడ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ సంస్థలో రూపొందించిన అమినోప్టెరిన్‌ను కీళ్లవాపు రోగులకు ఇస్తే సోరియాసిస్ పొలుసులు తగ్గడం 1951లో గమనించారు. మెతోట్రెక్సేట్ దాని తమ్ముడి లాంటి మందు.

ఇంకా తేలనివి

దిగులు వల్ల జుట్టు నెరుస్తుందనడానికి 2020లో హార్వర్డ్ పరిశోధకులు ఎలుకల్లో గట్టి ఆధారం చూపారు. మనుషుల్లో అంత స్పష్టత రాలేదు. వాహనాల పొగ, సన్నటి ధూళి చర్మంపై మచ్చలకు తోడవుతాయని జర్మనీ ఆడవాళ్ల మీద 2010లో వచ్చిన అధ్యయనం సూచించింది. రోజంతా బైక్ మీద తిరిగేవాళ్లు ముఖానికి గుడ్డ కట్టుకోవడానికి ఆ సూచన చాలు, ఖరీదైన "యాంటీ పొల్యూషన్" క్రీము కొనడానికి చాలదు. విటమిన్ డి, జింక్ లోపం ఉన్నవాళ్లకు మాత్రమే ఆ మాత్రలతో ప్రయోజనం. ఉల్లిరసం, మందారం, మెంతుల మీద చిన్న చిన్న పరీక్షలున్నాయి. పెద్దవి లేవు. వాటితో హాని తక్కువ, ఆలస్యమే వాటి అసలు నష్టం.

వెతికే వరుస

కారణాలు ఇన్ని ఉన్నప్పుడు వరుస మారితే డబ్బు, కాలం రెండూ పోతాయి. జుట్టు విషయంలో మొదటి ప్రశ్న: వెంట్రుక ఊడుతోందా, తెగుతోందా? ఊడుతుంటే గత మూడు నాలుగు నెలల్లో జ్వరం, కాన్పు, తిండి మార్పు ఏమున్నాయి? అవి లేకపోతే హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, థైరాయిడ్ చూడాలి. అవీ బాగుంటే వంశం వైపు చూడాలి. తెగుతుంటే అప్పుడు నీళ్లు, రంగు, వేడి, బిగుతు జడ. చర్మం విషయంలో మొదటి ప్రశ్న: ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? రెండోది: ఇప్పటిదాకా ఏ ట్యూబు రాశారు? మూడోది: మచ్చ మీద స్పర్శ ఉందా? ఖాళీ ట్యూబును పారేయకుండా వైద్యుడి దగ్గరికి తీసుకుపోవడం పెద్ద సాయం.

ఈ ప్రశ్నలకు జవాబులు ఒక్కో ఇంటితో ఆగవు. వరంగల్, హనుమకొండలు వేల మంది పిల్లలు హాస్టళ్లలో ఉండి చదువుకునే ఊళ్లు. జూన్‌లో చేరినప్పుడు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి హాస్టల్ పిల్లల రక్తం, చర్మం చూస్తే ఈ వ్యాసంలోని సగం సమస్యలు అక్కడే దొరుకుతాయి. గజ్జి దొరికితే గదికి గది ఒకే రాత్రి మందు రాయించవచ్చు, రక్తహీనత దొరికితే మెస్ కంచంలో గుడ్డు, పప్పు పెంచవచ్చు. ట్యాంకు మార్చడం, వాటర్ ఫిల్టర్ కొనడం కంటే ఇది చౌక. నీళ్లను తిట్టుకుంటే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, ఆ నింద ఇంతకాలం నిలబడడానికి అదీ ఒక కారణం.